రేకా, షింగిలా? తుఫాను దారిలో ఇల్లు కట్టుకునేవాళ్ల అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒడిశాలోని బరంపురంలో ఒక రిటైర్డు మాస్టారి ఇంటికి వెళ్లాను. డాబా మీద కొత్తగా ఒక గది, దాని ముందు వరండా వేస్తున్నారు. కొలతలకని టేపు తీశానో లేదో ఆయన ఫోను నా చేతిలో పెట్టారు. టెక్సాస్‌లో ఉన్న అబ్బాయి పంపిన ఫొటోలు. వీధంతా ఒకే రకం ఇళ్లు, ప్రతి ఇంటి మీదా చేప పొలుసుల్లా పరిచిన ముదురు బూడిదరంగు కప్పు.

"బాబూ, మావాడు షింగిల్సే వెయ్యమంటున్నాడు. అక్కడా తుఫాన్లే, అక్కడా ఎండలే కదా. నువ్వేమో రేకంటావు. రేకు వేస్తే జనం పశువుల సాల అనుకోరూ?" అన్నారు.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఇరవై రెండేళ్లుగా కప్పులు వేస్తున్నాను. ఎక్కువగా రేకులే. షింగిల్స్ కూడా అయిదారు చోట్ల వేశాను, సముద్రం ఒడ్డున ఒక గెస్ట్ హౌస్, మిగతావి కొండల వైపు తోట ఇళ్లు. కాబట్టి నాకు షింగిల్ మీద పగేమీ లేదు. మాస్టారు ఆ రోజు అడిగినవీ, ఊళ్లో అందరూ అడిగేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

షింగిల్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ఒక మాట. గ్లాస్ ఫైబర్‌తో చేసిన పల్చటి చాప, దానికి రెండు వైపులా తారు, పైన రాతి రవ్వ. చేత్తో వంచితే వంగుతుంది. రేకులా కమ్మీల మీద నేరుగా నిలబడదు. కింద మొత్తం ప్లైవుడ్డో బోర్డో పరిచి, దాని మీద ఒక పొర వేసి, ఆ పైన మేకులు కొట్టాలి. అంటే షింగిల్ కప్పు అంటే రెండు కప్పులన్నమాట. ఖర్చు కూడా ఆ లెక్కనే ఉంటుంది.

అపోహ: రేకు తేలిక కాబట్టి ఎగిరిపోతుంది, బరువున్న కప్పయితే కదలదు

అందరూ మొదట అనేది ఇదే. గాలి కప్పును పక్కకు తోస్తుందని మనం అనుకుంటాం. నిజానికి అది కప్పు మీదుగా జారుతూ పైకి పీలుస్తుంది. ఇంటి కట్టడాలకు గాలి లెక్క కట్టే మన దేశపు కోడు, ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు వస్తుంది. వాలును బట్టి కప్పు నడిమధ్య అది కొంత తగ్గవచ్చు. చూరు దగ్గర, మూలల్లో, కొప్పు దగ్గర మాత్రం పెరుగుతుంది, కొన్ని చోట్ల రెట్టింపు దాకా.

ఇప్పుడు బరువులు చూడండి. అర మిల్లీమీటరు రేకు చదరపు మీటరుకు 5 కిలోల లోపే. షింగిల్, కింద ప్లైవుడ్ కలిపితే 20, 25 కిలోలు. పైకి లాగే బలం 150 అయినప్పుడు ఈ అయిదుకూ ఇరవై అయిదుకూ పెద్ద తేడా లేదు. ఇంకో సంగతి, గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో వచ్చే కాలబైశాఖి గాలికి తట్టుకుంది కదా అని తుఫానుకూ తట్టుకుంటుందని అనుకోవద్దు.

గోపాల్‌పూర్ పక్క ఊళ్లలో తుఫాను కబురు వినగానే రేకుల మీదికి ఇసుక బస్తాలు ఎక్కిస్తారు. బస్తా ఉన్నచోట రేకు కాసేపు ఆగుతుంది. కానీ గాలి ఎత్తడం మొదలుపెట్టేది చూరు దగ్గర. బస్తాలేమో జారకుండా ఉండాలని నడుమ పెడతారు. రేకు లేచాక ఆ బస్తా ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

అపోహ: మందం రేకు వేస్తే చాలు, ఏ తుఫానూ ఏమీ చెయ్యదు

ఇది చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఫైలిన్ తుఫానుకు మూడేళ్ల ముందు ఊరి చివర ఒక గోడౌను వేశాను. మంచి మందం రేకు, స్క్రూలు దగ్గర దగ్గరగా. బిల్లు తీసుకునేటప్పుడు నా పనితనం గురించి గొప్పగా చెప్పుకున్నాను కూడా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డెక్కింది. మర్నాడు రోడ్ల మీద పడ్డ చెట్లు దాటుకుంటూ వెళ్లి చూస్తే కప్పులో సగం లేదు. పోయిన సగం పొలంలో దొరికింది. రేకు ఎక్కడా చిరగలేదు, ఒక్క స్క్రూ ఊడలేదు. రేకుతో పాటు దాని కింద అడ్డంగా ఉండే ఇనుప కమ్మీలు, పర్లిన్లు కూడా వచ్చేశాయి! పర్లిన్‌ను ట్రస్సుకు, అంటే కప్పును మోసే చట్రానికి కలిపేచోట మా వెల్డరు రెండు చుక్కలు పెట్టి వదిలేశాడు. నేను కింద నిలబడి రేకులు లెక్కపెట్టుకున్నాను తప్ప నిచ్చెనెక్కి ఆ చుక్కలు చూడలేదు.

అప్పటి నుంచి ఎవరింటికి వెళ్లినా పైనుంచి కిందికి చూస్తాను. రేకు పర్లిన్‌ను పట్టుకుందా, పర్లిన్ ట్రస్సును పట్టుకుందా, ట్రస్సు గోడ చుట్టూ పోసే కాంక్రీటు బెల్టు బీమును పట్టుకుందా? చాలా ఇళ్లలో చివరిది ఉండదు. ట్రస్సును గోడ మీద కూర్చోబెట్టి చుట్టూ ఇటుక, సిమెంటు పెట్టేస్తారు. పైకి లాగే గాలికి ఇటుక అడ్డం కాదు. బీము పోసేటప్పుడే బోల్టులు పెట్టించుకోవాలి.

ఇక రేకు దగ్గరికి వస్తే, పల్చటి రేకుకు ఇంకో జబ్బు ఉంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. ఆ తర్వాత పర్లాకిమిడి వైపు ఊడిపడిన ఒక రేకు ముక్క తెచ్చి షాపులో గోడకు తగిలించాను, వచ్చినవాళ్లకు చూపించడానికి. స్క్రూ ఉన్న చోట రంధ్రం గుండ్రంగా లేదు. రంధ్రం నుంచి రెండు వైపులా సన్నటి పగుళ్లు వెంట్రుకల్లా పాకి, ఒక వైపు చిరిగి తాళంచెవి కన్నంలా తయారైంది. స్క్రూ మాత్రం పర్లిన్‌లోనే ఉండిపోయింది. గంటల తరబడి రేకు లేస్తూ పడుతూ ఉంటే స్క్రూ తల చుట్టూ ఇనుము అలిసిపోతుంది, తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు. ఆస్ట్రేలియాలో డార్విన్ నగరాన్ని 1974 క్రిస్మస్ నాడు ట్రేసీ తుఫాను తుడిచిపెట్టినప్పుడు అక్కడి ఇంజనీర్లు పట్టుకున్న కారణాల్లో ఇదొకటి. ఆ తర్వాతే అక్కడ స్క్రూ కింద వెడల్పాటి తుఫాను వాషర్లు, రేకును వేల సార్లు లాగి వదిలే పరీక్షలు వచ్చాయి.

అందుకని నేను అర మిల్లీమీటరుకు తక్కువ వెయ్యను. చూరు, మూలలు, కొప్పు దగ్గర పర్లిన్లు దగ్గరగా పెట్టి, స్క్రూలు నడుమ వేసిన వాటికి రెట్టింపు వేస్తాను. చూరు బయటికి మూరెడు కన్నా ఎక్కువ వదలను. షాపువాడు అర మిల్లీ అంటే పూత కలిపా, పూత తీసేసా అని అడగండి. అక్కడే మోసం జరుగుతుంది.

అపోహ: అమెరికాలో నిలిచిన షింగిల్ ఇక్కడ ఎందుకు నిలవదు?

నిలుస్తుంది, అక్కడ వేసినట్టు వేస్తే. గంటకు 240 కిలోమీటర్ల గాలికి పరీక్ష చేసిన షింగిల్స్ ఉన్నాయి, అది అబద్ధం కాదు. కానీ ఆ పరీక్ష, కింద అంటు గట్టిగా పట్టిన షింగిల్‌కు చేసింది. ప్రతి షింగిల్‌కూ ఒక జిగురు పట్టీ ఉంటుంది. ఎండ వేడికి అది కరిగి పై ముక్కను కింది ముక్కకు అతికిస్తుంది. గాలిని ఆపేది ప్రధానంగా ఆ పట్టీయే, మేకులు కాదు. గెస్ట్ హౌస్ పని మేము ఏప్రిల్‌లో చేశాం. వేడి బోలెడంత ఉంది, అతుక్కుపోతుందిలే అనుకున్నాం. రెండు నెలల తర్వాత వెళ్లి ఒక ముక్క అంచు కింద వేలు పెడితే విస్తరాకులా లేచింది. పట్టీ మీద ఎర్రటి దుమ్ము పొర. పక్కన రోడ్డు పని జరుగుతోంది, మేము ఒక వరస వేసి భోజనానికి వెళ్లి వచ్చేలోపు దుమ్ము పట్టేసింది. ఆ వరసలన్నీ ఎత్తి, తుడిచి, తారు జిగురు చేత్తో పెట్టుకుంటూ వచ్చాం. కూలీ అంతా నా జేబులోంచే.

తుఫాను ప్రాంతంలో ముక్కకు నాలుగు కాదు, ఆరు మేకులు కొట్టాలి, అదీ తయారీదారు గీసిన గీత మీదే. అంగుళం పైకి కొడితే కింది ముక్కకు పట్టు దొరకదు. ఈ పని తెలిసిన కుర్రాళ్లు నాకు బరంపురంలో ఇద్దరే దొరికారు. రేకు పనివాళ్లయితే ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తుఫాను మర్నాడు ఈ తేడా బాగా తెలుస్తుంది. రేకు లేస్తే సాయంత్రానికి ఇంకో రేకు వస్తుంది. షింగిల్ లేస్తే అదే రకం, అదే రంగు బయటినుంచి రావాలి, ఈలోపు కింద ప్లైవుడ్ తడిసి ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లైవుడ్ మేకును పట్టుకోదు. చెదల సంగతి మన ఊళ్లలో నేను చెప్పక్కర్లేదు.

ఒక మేలు కూడా చెప్పాలి. కొబ్బరిచెట్టు కింద ఇల్లయితే షింగిలే నయం. కాయ పడితే రేకు సొట్టపోతుంది, సిమెంటు రేకు అయితే పగిలి మంచం మీదికే వస్తుంది. ప్లైవుడ్ మీద పరిచిన షింగిల్ ఆ దెబ్బను కాస్త మింగుతుంది.

ఇంతకీ మాస్టారి వరండాకు షింగిల్ ఆలోచన ఎక్కడ తెగిపోయిందంటే, వాలు దగ్గర. షింగిల్‌కు 12 అడుగుల పొడవుకు 4 అడుగులు లేవాలి. మరీ తప్పకపోతే కింద రెండు పొరలు వేసి 2 అడుగుల దాకా దిగొచ్చు. ఆయన వరండాలో కిటికీ మీద అంత ఎత్తు లేదు, 12 అడుగులకు అడుగే వస్తుంది. దాని మీద షింగిల్ వేస్తే వాన ఎదురుగాలికి పైకెక్కి లోపలికి దిగుతుంది.

అపోహ: రేకు కింద ఉడికిపోతాం, షింగిల్ కింద చల్లగా ఉంటుంది

ఉత్త రేకు కింద ఉడికిపోతాం, నిజమే. చిన్నప్పుడు మా ఇల్లు జింకు రేకులదే. మే నెల మధ్యాహ్నాలు వేపచెట్టు కింద గడిపేవాళ్లం. కానీ షింగిల్ చల్లన అనేది ఎవరు పుట్టించారో తెలియదు. ముదురు రంగు షింగిల్ ఎండలో పదో వంతు కూడా సరిగా వెనక్కి పంపదు. తెల్లటి షింగిల్ అన్నదే పావు వంతు దగ్గర ఆగిపోతుంది. కొత్త తెల్ల రంగు పూత రేకు అయితే మూడింట రెండు వంతులు వెనక్కి కొడుతుంది. పైగా షింగిల్, ప్లైవుడ్ పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక కూడా వదులుతూ ఉంటాయి. రేకు పొద్దు వాలగానే చల్లారుతుంది. మనం పడుకునేది రాత్రే కదా.

రంగు వెయ్యని మెరిసే రేకును చూసి ఇంకా చల్లన అనుకోకండి. అది ఎండను వెనక్కి కొడుతుంది కానీ తాగిన వేడిని తొందరగా వదలదు.

మెరిసే ఫాయిల్ బబుల్ షీటు వేయించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఫాయిల్‌కు ఒక వైపైనా ఖాళీ ఉండాలి, ఒక అంగుళం చాలు. రేకుకు, సీలింగుకు మధ్య రెండు వైపులా అంటించి నొక్కేస్తే అది పనిచెయ్యదు, డబ్బు దండగ. కింద సీలింగు వేసి, కొప్పు దగ్గర గాలి పోయే దారి వదిలితే తేడా మీకే తెలుస్తుంది. ఆ దారికి వాన కొట్టకుండా మడత ఉన్న రిడ్జ్, అంటే కొప్పు మీద మూత రేకు పెట్టించుకోండి.

అపోహ: రేకు పిడుగును లాగుతుంది

లాగదు. పిడుగు ఎత్తును, ఉన్న చోటును చూసుకుంటుంది, రేకును కాదు. రేకు అంటుకుని మండదు కూడా. ఎర్తింగు మాత్రం సరిగ్గా చేయించండి.

అపోహ: వాన పడితే రేకింట్లో మాట వినబడదు

ఉత్త రేకయితే అంతే. కింద సీలింగు, నడుమ దూదిలాంటి ఇన్సులేషన్ ఉంటే టీవీ సౌండు పెంచనక్కర్లేదు.

అపోహ: గాల్వల్యూమ్ రేకు తుప్పు పట్టదు

ఇనుప రేకు మీద దాని పూతలో 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు జింకు, కాస్త సిలికాన్. మామూలు జింకు రేకు కన్నా చాలా ఏళ్లు ఎక్కువ వస్తుంది. కానీ దానికి పచ్చి సిమెంటంటే పడదు. గోడకు, రేకుకు మధ్య సందు కనబడగానే మన మేస్త్రీ చెయ్యి ఊరుకోదు, బొచ్చెడు మాలు కొట్టి మూసేస్తాడు. రెండు వర్షాకాలాల్లో ఆ గీత వెంబడే రేకు తినేసి ఉంటుంది. అక్కడ మడిచిన రేకు పట్టీ, సీలెంటు పెట్టించండి.

రెండోది కటింగ్ మిషను. రేకును దాంతో కోస్తే ఎగిరే నిప్పురవ్వలు పక్క రేకుల మీద పడి పూతలోకి దిగబడతాయి, వారానికే ఎర్రచుక్కలు లేస్తాయి. చాలామంది రేకు నాసిరకం అని షాపువాడిని తిడతారు. కత్తెరతో కోయించండి, సాయంత్రం దిగేముందు కప్పంతా చీపురుతో ఊడ్పించండి.

మూడోది స్క్రూ. ఉప్పుగాలి ఉన్నచోట ముందు పోయేది రేకు కాదు, చవక స్క్రూ. ఏడేళ్ల స్క్రూ ఒకటి విప్పి చూస్తే, రబ్బరు వాషరు మాడిన అప్పడంలా చేతిలో విరిగింది. కొత్తదైనా మరీ బిగిస్తే వాషరు పక్కలకు చీలుతుంది, వదులుగా వదిలితే నీరు దిగుతుంది. వాషరు కాస్త ఉబ్బి ఆగాలి. ఏటా సెప్టెంబరులో ఒకసారి కప్పెక్కి చూసుకోండి, మనకు పెద్ద గాలులు చాలావరకు అక్టోబరులోనే వస్తున్నాయి.

అపోహ: 30 ఏళ్ల గ్యారంటీ ఉందిగా, టెన్షన్ దేనికి?

ఆ కాగితం వెనక వైపు చదవండి. మేకులు ఎన్ని, వాలు ఎంత, సముద్రానికి ఎంత దూరం, ఎవరు బిగించారు, అన్నీ అడుగుతారు. రేకుకూ అంతే, షింగిల్‌కూ అంతే.

మాస్టారికి చివరికి గది మీద నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు చెప్పాను. రెండు వాలుల ఇంటికి ఉండే త్రికోణం గోడ గాలికి పెద్ద తెరచాప. ఉద్దానం వైపు పాతకాలం చుట్టిళ్లకు అసలు మూలే ఉండదు, చూరు నేలకు దగ్గరగా దిగి ఉంటుంది. గాలికి పట్టు దొరకదు. మన తాతలు ఏ కోడూ చదవకుండానే అలా కట్టారు.

రేకుకు ఆయన ఒప్పుకున్నారు. పెంకులా కనిపించే అచ్చు రేకు ఉందని ఫొటో చూపించాక పశువుల సాల మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు తగువు రంగు దగ్గరుంది. నేను తెలుపు అంటున్నాను, అమ్మగారు ఇటుక ఎరుపే కావాలంటున్నారు, టెక్సాస్ నుంచి బూడిదరంగు అని మెసేజ్ వచ్చింది. ఈ వారం ఏదో ఒకటి తేలాలి. బెల్టు బీములో బోల్టులు మాత్రం నిన్ననే దగ్గరుండి పెట్టించాను.