మైలేజీ తగ్గితే తప్పంతా ఇంజన్‌దేనా? చిన్న పికప్ బండ్ల గురించి అపోహలు, వాస్తవాలు

“మైలేజీ పడిపోయిందండీ, డీజిల్ పంపు ఒకసారి విప్పి చూడండి.” హైవే మీద లోడు తోలే పికప్ బండ్ల యజమానులు మా మెకానిక్ షెడ్డుకు వచ్చి ముందుగా అనే మాట ఇదే. రావులపాలెం నుంచి విజయవాడకు అరటి గెలలు వేసేవారైనా, కడియం నర్సరీల మొక్కలు ఎక్కించేవారైనా, భీమవరం వైపు నుంచి చేపలు, రొయ్యలు మోసేవారైనా అందరి అనుమానమూ ఇంజన్ మీదే ఉంటుంది. కిరాయి పెరగకుండా డీజిల్ ఖర్చు మాత్రం పెరుగుతూ, ఫైనాన్స్ వాయిదా తేదీ దగ్గర పడుతున్నప్పుడు మనిషి కంగారు పడటం సహజం. ఆ కంగారులో ఎవరి మాటో నమ్మి, ఏ లోపమూ లేని ఇంజెక్టర్లను (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలను) విప్పించి వేల రూపాయలు పోగొట్టుకోవడం చూస్తే మాత్రం నాకు బాధ కలుగుతుంది.

అపోహ: మైలేజీ తగ్గిందంటే లోపం ఇంజన్‌లోనే ఉంటుంది.

వాస్తవం: మన డెల్టాలో వంతెనలు, ఫ్లైఓవర్లు తప్ప ఎక్కవలసిన ఎత్తే లేదు. ఇలాంటి చదును రోడ్డు మీద నిలకడగా నడుస్తున్న బండిలో ఇంజన్ చక్రాలకు అందించే శక్తి ప్రధానంగా రెండు పనులకు ఖర్చవుతుంది: ఎదురుగా ఉన్న గాలిని తోయడానికి, టైర్లను దొర్లించడానికి. వేగం పెరిగే కొద్దీ మొదటి పని రెండోదాన్ని మించిపోతుంది. కాబట్టి ఏ మార్పూ లేని ఇంజన్ ఉన్న బండే ఒక వారం బాగా మైలేజీ ఇచ్చి మరో వారం ఇవ్వకపోతే, ముందుగా చూడవలసింది పంపును కాదు. ఆ వారం ఎంత వేగంతో నడిపారు, ఏ ఆకారంలో లోడు కట్టారు, టైర్లలో గాలి ఎంత ఉంది, బ్రేకులు వదులుతున్నాయా లేదా అన్నవే.

వేగం సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే 60 కిలోమీటర్ల వేగం దగ్గర ఉన్న అడ్డు 80 దగ్గరకు వచ్చేసరికి సుమారు 1.78 రెట్లు అవుతుంది. నడుము లోతు కాలువ నీళ్లలో మెల్లగా నడిచే మనిషికీ, అదే నీళ్లలో పరుగెత్తబోయే మనిషికీ అలసటలో ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. మొత్తం డీజిల్ ఖర్చు 1.78 రెట్లు అవుతుందని దీని అర్థం కాదు, ఎందుకంటే టైర్ల రాపిడి వేగంతో పాటు అంతగా పెరగదు. కానీ పెరిగే ఖర్చులో సింహభాగం గాలిదే. “తొందరగా వెళ్తే ఇంజన్ తక్కువ సేపు తిరుగుతుంది కదా, డీజిల్ మిగులుతుంది” అని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. 120 కిలోమీటర్ల దారిని 60లో నడిపితే రెండు గంటలు, 80లో నడిపితే గంటన్నర. మిగిలిన ఆ అరగంట కోసం దారి పొడవునా, ప్రతి కిలోమీటరుకూ ఎక్కువ డీజిల్ పోస్తూనే ఉన్నామన్న సంగతిని ఆ వాదన మరిచిపోతుంది. టాప్ గేరులో ఇంజన్ గుంజుకోకుండా నడిచే వేగంలోనే, 55 నుంచి 65 మధ్య నిలకడగా నడిపితే ఇలాంటి బండ్లలో చాలావాటికి మంచి మైలేజీ వస్తుంది.

గాలి అంటే బండి వేగం వల్ల పుట్టేది మాత్రమే కాదు, వీచే గాలి కూడా లెక్కలోకి వస్తుంది. ఆషాఢంలో మన వైపు పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందో గౌతమి వంతెన మీద బండి నడిపిన ప్రతి ఒక్కరికీ తెలుసు. రావులపాలెం నుంచి సిద్ధాంతం, తణుకు మీదుగా విజయవాడ వెళ్లే దారి మొత్తం మీద పడమటి దిక్కుకే సాగుతుంది కాబట్టి ఆ గాలికి మనం ఎదురు వెళ్తాం. 70లో నడుస్తున్న బండికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అది 90 వేగపు గాలి అడ్డును మోస్తుంది, అంటే అడ్డు సుమారు 65 శాతం పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి వచ్చి, 50లో నడిచినంత అడ్డే మిగులుస్తుంది. ఈ తేడా తెలియని డ్రైవరు వెళ్లేటప్పుడు ఇంజన్‌ను తిట్టుకుంటాడు, లేకపోతే బంకులో కల్తీ జరిగిందని అనుమానిస్తాడు.

లోడు విషయంలోనూ పొరపాటు జరిగేది ఇక్కడే. బరువు లేని లోడుకు డీజిల్ ఖర్చు ఉండదని చాలామంది గట్టిగా నమ్ముతారు. బయలుదేరేటప్పుడు, ఆగి మళ్లీ కదిలేటప్పుడు, ఊళ్లలో తిరిగేటప్పుడు బరువుదే పైచేయి అన్న మాట నిజమే. హైవే మీద మాత్రం క్యాబిన్‌కు మించి ఎత్తుగా పేర్చిన ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు, కొబ్బరి పీచు మూటలు, నిలువుగా నిలబెట్టిన నర్సరీ మొక్కలు బరువులో తేలికైనా గాలికి పెద్ద గోడలా అడ్డుపడతాయి. ఎత్తు తగ్గించి సర్దగలిగినంత సర్దండి, టార్పాలిన్ రెపరెపలాడకుండా అంచుల దగ్గర తాడు బిగించి కట్టండి. ఖాళీ బండికి వెనక తలుపు దించేస్తే గాలి సాఫీగా పోతుందన్నది కూడా నిలిచే మాట కాదు. తలుపు మూసి ఉన్నప్పుడు బాడీలో సుడి తిరిగే గాలి పైనుంచి వచ్చే గాలిని జారవిడుస్తుంది, కాబట్టి తలుపు దించడం వల్ల సాధారణంగా లాభం ఉండదు.

ఇక బ్రేకుల సంగతి. చేపల లోడు తోలే ఒకాయన ఎక్కడో ఇంజెక్టర్లన్నీ మార్పించుకుని, మైలేజీలో ఏ మార్పూ కనిపించక, చివరికి మా దగ్గరికి వచ్చాడు. వాయిదాకు దాచుకున్న డబ్బు మొత్తం ఆ పనికే పోయిందని చెబుతూ ఆయన గొంతు తడబడింది. జాకీ పెట్టి వెనక చక్రాలు లేపితే ఒకటి చేత్తో తిప్పినా తిరగలేదు. ఐస్ కరిగిన ఉప్పునీరు రోజూ కారడం వల్ల హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం మానేసింది, బ్రేకు లైనర్లు చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును ఎప్పుడూ పట్టుకునే ఉన్నాయి. కేబుల్ మార్చి, డ్రమ్ములు శుభ్రం చేసి, చక్రం తేలికగా తిరిగేలా సర్దితే సరిపోయింది. ఇంజెక్టర్లకు అయిన ఖర్చులో అది చాలా చిన్న భాగం. చేపలు, రొయ్యలు మోసే బండ్లవారు, సముద్రం వైపు 216వ నంబరు హైవే మీద తిరిగేవారు ప్రతి సర్వీసులోనూ చక్రాలు లేపి తిప్పించి చూడాలి. కొంత దూరం నడిపి ఆపాక, ఒక చక్రం దగ్గర మాత్రమే ఎక్కువ వేడి తగులుతుంటే ఆ బ్రేకు వదలడం లేదని అర్థం.

అపోహ: రోహిణి కార్తె ఎండల్లో టైరు పేలకుండా గాలి తగ్గించి పెట్టాలి.

వాస్తవం: ఇది మైలేజీని మాత్రమే కాదు, ప్రాణాలనూ తీసే మాట. గాలి తక్కువైన టైరు పక్కభాగం ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది, వంగిన కొద్దీ లోపల వేడెక్కుతుంది, లోడు మీద ఆ వేడికే రబ్బరు పొరలు విడిపోయి టైరు పేలుతుంది. నడిచేటప్పుడు ఒత్తిడి కొంత పెరుగుతుందని తెలిసే తయారీదారులు అంకె నిర్ణయిస్తారు. కాబట్టి బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి, వేడి టైరులోంచి గాలి తీయకండి, తలుపు దగ్గరి స్టిక్కరు మీద లోడుకు తగ్గట్టు వెనక టైర్లకు వేరుగా ఇచ్చిన అంకెను పాటించండి.

మిగిలినవాటికి ఎక్కువ మాటలు అవసరం లేదు. డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాల వల్ల ఏమీ జరగదు. తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ డీజిల్ వస్తుందన్నదీ నిజం కాదు, ఎందుకంటే బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, దాని ఉష్ణోగ్రత పూటపూటకూ పెద్దగా మారదు. వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేయడం పాత బండ్ల కాలపు అలవాటు. డీజిల్ సరఫరాను కంప్యూటర్ నియంత్రించే నేటి కామన్ రైల్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్ కోసం ఖర్చవుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ ఇచ్చే బ్రేకు పట్టు పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) మూయిస్తే మైలేజీ పెరుగుతుందని చెప్పేవారి దగ్గరికి వెళ్లకండి, అది చట్టవిరుద్ధం, సెన్సార్లు పట్టుకుంటే బండి లాగుడు కూడా తగ్గిపోతుంది.

ఇంజన్‌లోనో క్లచ్‌లోనో నిజంగా లోపం ఉంటే అది ఇతర గుర్తులు కూడా చూపిస్తుంది. నల్లటి పొగ, ఉదయం స్టార్ట్ కావడానికి ఇబ్బంది, ఎంత దూరం నడిచినా వేడి ముల్లు పైకి లేవకపోవడం, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ శబ్దం పెరిగి బండి మాత్రం కదలకపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. అవేవీ లేకపోతే పంపు విప్పించే ముందు, ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, కొన్ని ట్రిప్పుల తర్వాత అక్కడే మళ్లీ నిండా పోయించి, పట్టిన లీటర్లనూ తిరిగిన కిలోమీటర్లనూ, వాటితో పాటు ఏ లోడు, ఏ దిక్కు, ఎంత వేగం అన్నదీ ఒక కాగితం మీద రాసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.