లాడ్జి బిల్లులో మినహాయింపు: పుష్కరం నుంచి పుష్కరానికి

2022 జూలై 17 రాత్రి రాజమహేంద్రవరంలో 900 రూపాయల గది తీసుకున్న మనిషి జీఎస్టీ కట్టనక్కర్లేదు. మర్నాడు అదే లాడ్జిలో అదే గది తీసుకున్న మనిషి 12 శాతం, అంటే 108 రూపాయలు కట్టాలి. ఆ ఇద్దరి బిల్లులూ కంప్యూటరులో ఇప్పటికీ ఉంటాయి. మొదటి బిల్లు పక్కన చాలా సాఫ్ట్‌వేర్లలో కనిపించేది ‘పన్ను మినహాయింపు’ అన్న గడిలో ఒక టిక్కు మాత్రమే. ఆ మినహాయింపు ఏ నియమం కింద వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఏ కాగితం చూసి ఇచ్చారు అన్నది ఆ టిక్కు చెప్పదు. డెల్టాలోని లాడ్జీలకు ఆడిట్‌లో తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

ఆ గడి వేరే దేశపు అలవాటు. అమెరికాలో మినహాయింపు చాలావరకు అతిథిని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో వరసగా 30 రోజులు ఉండే అతిథికి హోటల్ పన్ను పడదు. అలాంటి చోట మనిషి పేరు పక్కన టిక్కు పెడితే పని జరిగిపోతుంది. మన దగ్గర మినహాయింపు మొదటి నుంచీ ఎక్కువగా గది ధరను పట్టుకునే నడిచింది. 1980లో కేంద్రం తెచ్చిన హోటల్ రాబడి పన్ను రోజుకు 75 రూపాయలు, ఆపైన అద్దె ఉన్న హోటళ్లకే వర్తించింది. 1987లో హోటల్ ఖర్చు మీద వచ్చిన వ్యయ పన్నుకు ఆ గీత 400 రూపాయలు. అదే ఏడాది మన రాష్ట్రంలో విలాస పన్ను చట్టమూ వచ్చింది. హోటళ్లు కోర్టుకెక్కినా 1989లో సుప్రీంకోర్టు వ్యయ పన్నును సమర్థించింది. వ్యయ పన్నులో మనిషిని బట్టి మినహాయింపులూ లేకపోలేదు. విదేశీ మారకంలో చెల్లించినవారికీ, దౌత్యాధికారులకూ పన్ను పడేది కాదు. 1991 పుష్కరాల నాటికి గోదావరి గట్టున సాదా లాడ్జి గది 400 గీతకు చాలా కిందే ఉండేది. చేత్తో రాసే రిజిస్టరులో గుమస్తాకు కారణం రాసే అవసరమే రాలేదు.

2003లో, మళ్లీ పుష్కరాలు వచ్చిన ఏడాదే, వ్యయ పన్ను పోయింది. 2011 మే 1న గది అద్దె మీద సేవా పన్ను వచ్చింది. ఈసారి గీత వెయ్యి రూపాయలు. 2015 పుష్కరాల నాటికి సేవా పన్ను 14 శాతం. అద్దెలో 60 శాతం మీదే కట్టాలి కాబట్టి చేతికి తగిలేది 8.4 శాతం. వెయ్యిలోపు గదికి అదీ లేదు.

అసలు చిక్కు జీఎస్టీతో వచ్చింది. 2017 జూలై 1 నుంచి వెయ్యిలోపు గదికి మినహాయింపు. అయితే లెక్క వసూలు చేసిన అద్దె మీద కాదు, బోర్డు మీద ప్రకటించిన అద్దె మీద. బోర్డు మీద 1,200 ఉన్న గదిని 900కి ఇచ్చినా పన్ను పడేది. 2018 జూలై 27 నుంచి వసూలు చేసిన మొత్తమే లెక్కలోకి వచ్చింది. 2019 అక్టోబరు 1న ఇంకో చిన్న సవరణ జరిగింది. అప్పటిదాకా ‘వెయ్యి కంటే తక్కువ’ అన్నది ‘వెయ్యి వరకు’ అయింది. సరిగ్గా వెయ్యి రూపాయల గది ఆ రోజుతో పన్ను నుంచి మినహాయింపులోకి వచ్చింది. ఆ తేదీని ప్రోగ్రాములో మార్చుకోని లాడ్జి, పన్ను అక్కర్లేని గదికి పన్ను వసూలు చేసినట్టే.

సంక్రాంతిని తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. కోడిపందేల రోజుల్లో భీమవరం చుట్టుపక్కల గది దొరకడమే గగనం, అద్దె రోజురోజుకీ మారుతుంది. 2020 జనవరి 13న 900, భోగి నాడు 2,500, సంక్రాంతి నాడు 2,500 తీసుకున్నారనుకుందాం. జీఎస్టీ ఒక్కో గదికి, ఒక్కో రోజుకు లెక్క. మొదటి రోజుకు సున్నా, మిగతా రెండు రోజులకూ 300 చొప్పున 600. మూడు రోజుల మొత్తాన్నీ ఒకే వరసగా ఎక్కించే సాఫ్ట్‌వేర్ 5,900 మీద 708 వేస్తుంది. ఆ 108 రూపాయలు అతిథి అనవసరంగా కట్టినవే. ఒకే మనిషి, ఒకే గది, ఒకే బస. అయినా మినహాయింపు ఒక్క రాత్రికే. మనిషి పేరు పక్కన పెట్టే టిక్కు దీన్ని ఎలా పట్టుకుంటుంది?

2022 జూలై 18న ఈ మినహాయింపు మొత్తానికే పోయింది. అన్నీ వెయ్యిలోపు గదులే ఉన్న లాడ్జి అంతకుముందు రిజిస్ట్రేషనే తీసుకోనక్కర్లేదు. ఇప్పుడు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే తప్పదు. గుడి సత్రాలకు మాత్రం మినహాయింపు నిలిచింది. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థ, గుడి ఆవరణలోని గదిని వెయ్యిలోపు అద్దెకు ఇస్తే పన్ను లేదు. అమృత్‌సర్ సరాయిల (గురుద్వారా సత్రాల) మీద వివాదం రేగాక, ప్రహరీ బయట ఉన్నవాటికీ ఇది వర్తిస్తుందని కేంద్రం ఆ ఆగస్టులో వివరణ ఇచ్చింది. అంతర్వేదిలోనో ద్రాక్షారామంలోనో యాత్రికుడికి అలాంటి సత్రంలో 900 గదికి పన్ను పడదు, ఎదుటి లాడ్జిలో పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు గదులకు పన్ను 5 శాతానికి దిగింది, ఇన్‌పుట్ క్రెడిట్ (లాడ్జి తాను కొన్నవాటి మీద కట్టిన పన్నును మినహాయించుకునే వీలు) పోయింది.

అతిథిని బట్టి పన్ను తీరు మారే సందర్భాలు ఇప్పుడూ ఉన్నాయి, అయితే అవి మినహాయింపులు కావు. కాకినాడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని కంపెనీ తన అధీకృత పని మీద వచ్చినవారికి గది తీసుకుంటే అది సున్నా రేటు సరఫరా, అంటే పన్ను పరిధిలోనే ఉంటుంది కానీ రేటు సున్నా. మినహాయింపు కాదు. రిటర్నులో రెండూ వేర్వేరు చోట్ల చూపాలి. విదేశీ దౌత్య కార్యాలయం వారి దగ్గర హోటల్ పన్ను తీసుకునే తీరాలి. బిల్లు మీద వారి గుర్తింపు సంఖ్య వేస్తే రిఫండు వారే తెచ్చుకుంటారు. వ్యయ పన్ను రోజుల అలవాటుతో కౌంటరు దగ్గరే వదిలేస్తే ఆ సొమ్ము లాడ్జి యజమాని నెత్తినే పడుతుంది. సర్కారీ పని మీద వచ్చిన ఉద్యోగికి ఆ హోదాతో ఏ మినహాయింపూ లేదు.

కాబట్టి ప్రతి రాత్రి అద్దె వరసకీ కారణం, ఆనాటి నియమం, చూసిన కాగితం, మార్చిన వారి పేరు ఉండాలి. ఇది అదనపు హంగు అని నేననుకోను, బిల్లులో అదీ భాగమే. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలని చట్టం. మధ్యలో నియమం మారిన 2022-23 లెక్కలు 2029 డిసెంబరు 31 వరకు ఉండాలి. ఈలోగా 2027 పుష్కరాలు వస్తాయి. వాటి కోసం కొత్త సాఫ్ట్‌వేర్ కొనే లాడ్జీలు పాతదాని నుంచి నెలవారీ మొత్తాలు తెచ్చుకుంటే చాలదు. జూలై 17 నాటి 900 రూపాయల బిల్లుకు పన్ను ఎందుకు లేదో కొత్త దానిలోనూ కనిపించాలి.