అమెరికా లైబ్రరీ కొలువులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పుస్తకాల వర్గీకరణకు జాతి పట్టింపు లేదు.

ఉంది. పుస్తకాలకు విషయాన్నిబట్టి నంబర్లిచ్చి అరల్లో పెట్టే డ్యూయీ పద్ధతిలో అమెరికన్ సాహిత్యానికి 810లు, ఇంగ్లీషు సాహిత్యానికి 820లు పూర్తిగా రాసిచ్చేశారు. వెయ్యేళ్ల తెలుగు సాహిత్యం మాత్రం 894.827లో ఇరుక్కుని సర్దుకోవాలి. 1930లో హోవార్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో నల్లజాతివాళ్ల పుస్తకాల సేకరణ బాధ్యత తీసుకున్న డొరతీ పోర్టర్ ఇంతకన్నా ఘోరమే చూసింది. నల్లజాతి కవి రాసిన పద్యాలను కూడా కొన్ని లైబ్రరీలు వలసల నంబరు 325లో పెట్టేవి. బానిసత్వానికి 326. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టి ఆమె ఆ వరస మార్చింది.

పుస్తకం దేని గురించో చెప్పడానికి కేటలాగులో రాసే విషయ శీర్షికలదీ ఇదే తంతు. 'ఇల్లీగల్ ఏలియన్స్' (అక్రమ పరాయివాళ్లు) అనే మాట తీసేయమని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 2014లో అడిగారు. ఆ శీర్షికల జాబితా తయారుచేసే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో సరేనంది, అమెరికా చట్టసభ అడ్డుపడింది. చివరికి 2021లో గానీ మారలేదు.

అంతవరకూ ఎదురుచూడక్కర్లేదు, మన కేటలాగులో మనమే మార్చుకోవచ్చు. కంప్యూటర్ కేటలాగులో ఒక్కో పుస్తకం వివరాలుండే మార్క్ (MARC) రికార్డులో విషయ శీర్షిక రాసేది 650 ఫీల్డులో; దాని రెండో ఇండికేటరు (గుర్తు అంకె) 0 అంటే అది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాట. మనం పెట్టుకునే మాటకు 4 వేయొచ్చు. ఏ శీర్షిక వాడాలో చెప్పే అథారిటీ రికార్డులో కొత్త మాటను 150లో, పాతదాన్ని 450లో ఉంచాలి. పాతది పూర్తిగా చెరిపేస్తే, ఆ మాటతో వెతికే పాఠకుడికి ఏమీ దొరకదు. ఇంకో జాగ్రత్త: బయటినుంచి రికార్డులు దించుకునేటప్పుడు మన 650లకు రక్షణ పెట్టకపోతే, చేసిన పనంతా ఒక్క రాత్రిలో చెరిగిపోతుంది.

అపోహ: లైబ్రరీలో పనిచేసేవాళ్లంతా లైబ్రేరియన్లే.

కౌంటరు దగ్గర పుస్తకం ఇచ్చేది చాలాచోట్ల క్లర్కు, అరల్లో సర్దేది పేజ్. అవి ఎక్కువగా పార్ట్‌టైమ్ కొలువులు. లైబ్రేరియన్ పోస్టుకు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపున్న మాస్టర్స్ కావాలి, సుమారు 36 క్రెడిట్లు. పదేళ్ల కౌంటరు అనుభవమున్నా దాని బదులు సరిపోదు. ఫీజు కట్టగలిగినవాళ్లే మెట్టెక్కుతారు. ఆ సంఘం 2017 సర్వేలో జవాబిచ్చిన సభ్యుల్లో 86.7 శాతం తెల్లవాళ్లు కావడానికి ఇదీ ఒక కారణమే. భారత్‌లో చదివిన ఎం.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్సు మాస్టర్స్) ఉన్నవాళ్లు ముందుగా అది అమెరికా డిగ్రీకి సమానమో కాదో మదింపు చేయించుకోవాలి. దరఖాస్తు పెట్టకముందే, దాన్ని ఒప్పుకుంటారా అని హెచ్ఆర్‌ను ఈమెయిల్లో అడగాలి.

అపోహ: వివక్షంతా అమెరికా దక్షిణాది రాష్ట్రాల చట్టాలదే, లైబ్రరీ వృత్తి మాత్రం పాఠకుల పక్షమే.

1936లో వర్జీనియాలోని రిచ్‌మండ్ మహాసభలో అమెరికన్ లైబ్రరీ అసోసియేషనే నల్లజాతి సభ్యుల్ని వేరే కూర్చోబెట్టింది. 1961లో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ లైబ్రరీలో పుస్తకాలడిగిన టూగలూ కాలేజీ నల్లజాతి విద్యార్థులు తొమ్మిదిమంది అరెస్టయ్యారు. వివక్ష చూపే రాష్ట్ర సంఘాల సభలకు తన ప్రతినిధులు వెళ్లకూడదని సంఘం తీర్మానించింది 1964లో, అదీ నల్లజాతి లైబ్రేరియన్ ఇ.జె. జోసీ లేచి ప్రతిపాదిస్తే.

అపోహ: 'మా టీములో ఇముడుతారా' అన్నది మామూలు ప్రశ్నే.

తమలాంటివాళ్లనే ఎంచుకోవడానికి అది దొడ్డిదారి. అందరికీ అవే ప్రశ్నలు వేయాలి. ప్యానెల్‌లో ప్రతివాళ్లూ మార్కులు కాగితం మీద వేశాకే నోరు విప్పాలి. ముందే మాట్లాడుకుంటే పెద్ద అధికారి అభిప్రాయం వైపే అందరి మార్కులూ ఒరుగుతాయి.

చేరాక ఇంకోటి ఎదురవుతుంది. తెలుగు స్టోరీటైమ్ (పిల్లలకు కథలు చదివి వినిపించడం), తెలుగు పుస్తకాల ఎంపిక, కౌంటరు దగ్గర అనువాదం అన్నీ 'మీకు భాష వచ్చు కదా' అంటూ మనవాళ్ల నెత్తినే పడతాయి. అదీ పనే. వారానికి ఎన్ని గంటలో ఉద్యోగ వివరణలో రాయించుకోవాలి, రెండు భాషల భత్యం ఉందేమో అడగాలి. రాయించకపోతే ఏడాది చివరి మదింపులో ఆ గంటలు ఎక్కడా కనపడవు.