'మాకే అన్యాయం': 160 ఏళ్ల నాటి మాట

2025 జనవరి 21న, రెండోసారి గద్దెనెక్కిన మర్నాడే, డొనాల్డ్ ట్రంప్ ఒక పాత ఉత్తర్వును రద్దు చేశారు. 1965లో అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన 11246వ నంబరు ఉత్తర్వు అది. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు జాతి వివక్ష చూపకూడదని, అన్ని జాతులవాళ్లకూ ఉద్యోగాలు అందేలా పూనుకుని చర్యలు తీసుకోవాలని చెప్పేది. ఇలాంటి పద్ధతులు కష్టానికి, ప్రతిభకు విలువ లేకుండా చేస్తున్నాయన్నది రద్దుకు చెప్పిన కారణం. నల్లవాళ్లను పైకి తెస్తామంటూ తెల్లవాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నారన్న కోపం దాని వెనక ఉంది. ఇదంతా ఒబామా తర్వాత పుట్టిన గొడవ అనుకుంటారు చాలామంది. ఈ ఫిర్యాదు వయసు అంతకన్నా చాలా ఎక్కువ.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. దాదాపు 40 లక్షల మంది బానిసత్వం నుంచి బయటపడ్డారు. ఏడాది తిరక్కముందే దక్షిణాది రాష్ట్రాలు వాళ్లను మళ్లీ కట్టడి చేసే చట్టాలు తెచ్చాయి. మిసిసిపీలో నల్లవాడు ప్రతి జనవరిలోనూ తనకు పని ఉన్నట్టు రాతపూర్వకంగా చూపించాలి. దీనికి విరుగుడుగా అమెరికా కాంగ్రెస్ 1866లో పౌరహక్కుల బిల్లు తెచ్చింది. అందులో ఉన్నదల్లా ఆస్తి కొనుక్కోవడం, ఒప్పందం రాసుకోవడం, కోర్టులో సాక్ష్యం చెప్పడం లాంటి విషయాల్లో తెల్లవాళ్లకున్న హక్కే వీళ్లకూ ఉంటుందని. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిప్పి పంపాడు. ఈ బిల్లు నల్లవాళ్ల పక్షాన, తెల్లజాతికి వ్యతిరేకంగా తేడా చూపిస్తోందని తన సందేశంలో రాశాడు. ఏ రిజర్వేషనూ లేదు, ఏ సీటూ కేటాయించలేదు. సమానం అన్న మాటే ఆయనకు పక్షపాతంలా కనిపించింది. ఆయన కాదన్నా కాంగ్రెస్ బిల్లును నెగ్గించుకుంది, అది వేరే సంగతి.

1883లో ఇదే మాట సుప్రీంకోర్టు నోట వచ్చింది. రైళ్లలో, సత్రాల్లో, నాటకశాలల్లో నల్లవాళ్లను వేరు చేయకూడదన్న 1875 నాటి చట్టాన్ని కొట్టేస్తూ జస్టిస్ బ్రాడ్లీ, నల్లవాడు ఏదో ఒక దశలో చట్టానికి ముద్దుబిడ్డగా ఉండటం మానుకుని మామూలు పౌరుడు కావాలి అన్నారు. బానిసత్వం పోయి అప్పటికి 18 ఏళ్లు. బెంచీలో ఒక్కరే విభేదించారు. ఆయన కెంటకీకి చెందిన జస్టిస్ హార్లన్, ఒకప్పుడు స్వయంగా బానిసల యజమాని. 'ముద్దుబిడ్డ' అనడం న్యాయం కాదని రాశారు. ఆ ముద్దుబిడ్డలు మరో 80 ఏళ్లు దక్షిణాదిలో వేరే బోగీల్లో, వేరే బడుల్లో గడిపారు. 1934 తర్వాత ప్రభుత్వ హామీతో ఇంటి రుణాలు వచ్చినప్పుడు, నల్లవాళ్ల పేటలను ఎర్రరంగు పూసిన మ్యాపులతో పక్కన పెట్టారు. తెల్లవాళ్ల మధ్యతరగతి చాలావరకు ఆ రుణాలతో కట్టుకున్న ఇళ్ల మీదే నిలబడింది. దాన్ని పక్షపాతమని అప్పట్లో అన్న తెల్ల రాజకీయ నాయకులు అరుదు.

1965 సెప్టెంబరు 24న లిండన్ జాన్సన్ 11246వ ఉత్తర్వు మీద సంతకం చేశారు. తొమ్మిది రోజులకు, అక్టోబరు 3న, స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టారు. ఆసియావాసులకు అడ్డుగా ఉన్న పాత కోటాలు దాంతో పోయాయి. గుంటూరు నుంచి, వరంగల్ నుంచి డాక్టర్లు అమెరికా బాట పట్టింది ఆ తలుపు తెరుచుకున్నాకే. రెండు సంతకాలూ ఒకే పౌరహక్కుల పోరాటం ఇచ్చిన ఫలం. మనవాళ్ల డ్రాయింగ్‌రూమ్ కబుర్లలో ఈ సంగతి పెద్దగా వినపడదు.

11246వ ఉత్తర్వుకు పళ్లు మొలిపించింది రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ కావడం విచిత్రం. 1969లో ఫిలడెల్ఫియా కట్టడం పనుల్లో యూనియన్లు నల్ల కార్మికులను చేర్చుకోకపోతే, ఎంతమందిని తీసుకోవాలో లక్ష్యాలు పెట్టించారు. డెమొక్రాట్లకు ఓటేసే రెండు వర్గాలు, యూనియన్లూ నల్లవాళ్లూ, ఒకరితో ఒకరు కొట్టుకుంటే తన పార్టీకి లాభమే. 1972 ఎన్నికలకల్లా అదే నిక్సన్ కోటాలను తిడుతూ ఓట్లు అడిగారు.

'ఎదురు వివక్ష' అన్న మాట ఇంటింటికీ చేరింది మాత్రం అలన్ బాకీ కేసుతో. కాలిఫోర్నియాలో డేవిస్‌లోని వైద్య కళాశాలలో 100 సీట్లుంటే 16 అల్పసంఖ్యాకులకు విడిగా ఉంచేవారు. ముప్పై దాటిన ఇంజనీరు బాకీకి రెండుసార్లు సీటు రాలేదు. వయసు ఎక్కువని వేరే కళాశాలలూ వద్దన్నాయి గానీ, కోర్టుకెళ్లింది ఆ 16 సీట్ల మీద. 1978లో సుప్రీంకోర్టు అతనికి సీటిచ్చింది, విడి సీట్లు చెల్లవంది, జాతిని మాత్రం ఇతర అంశాలతో పాటు చూడొచ్చంది. అందుకే అక్కడి విధానాన్ని మన రిజర్వేషన్లతో సమానం చేసి వాదించేవాళ్లను చూస్తే చిరాకేస్తుంది. 1978 తర్వాత అక్కడి కాలేజీ సీట్లలో కోటా అన్నదే లేదు.

లేకపోయినా కోపం తగ్గలేదు. 1990లో నార్త్ కరొలైనా సెనేట్ పోటీలో జెస్సీ హెల్మ్స్ టీవీ ప్రకటన ఒకటి వేయించారు. తెల్లని చేతులు ఉద్యోగం రాలేదన్న ఉత్తరాన్ని నలుపుతుంటాయి. ఆ ఉద్యోగం నీకు అవసరం, అర్హతా నీకే ఉంది, కోటా వల్ల వేరేవాళ్లకు పోయింది అని గొంతు వినిపిస్తుంది. ప్రత్యర్థి హార్వీ గాంట్ నల్లవాడు. 1963లో కోర్టు ఆదేశం వస్తే తప్ప క్లెమ్సన్ కాలేజీ చేర్చుకోని మనిషి. హెల్మ్స్ గెలిచారు. 2011లో వెలువడిన ఒక మనస్తత్వ అధ్యయనంలో, నల్లవాళ్ల మీద కన్నా తమ మీదే వివక్ష ఎక్కువైందని తెల్లవాళ్లు సగటున భావిస్తున్నట్టు తేలింది. నల్లవాళ్ల మీద వివక్ష తగ్గినకొద్దీ తమ మీద పెరిగిందని వాళ్ల లెక్క.

2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని చూడటమే కుదరదంది. ఈసారి ఫిర్యాదు ఆసియా విద్యార్థుల పేరున వచ్చింది. వ్యక్తిత్వానికి హార్వర్డ్ వేసే మార్కుల్లో వాళ్లకు తక్కువ పడుతున్నట్టు విచారణలో బయటపడింది. ఆ ఫిర్యాదులో పస ఉందనే నా అభిప్రాయం. కానీ కేసు నడిపించిన ఎడ్వర్డ్ బ్లమ్ అంతకుముందు టెక్సాస్‌లో ఒక తెల్ల విద్యార్థిని తరఫున ఇదే యుద్ధం చేసి 2016లో ఓడిపోయినవాడు. తీర్పు రోజున సంబరపడిన మన తల్లిదండ్రుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎందరో!

ఉద్యోగాల్లో వివక్ష ఆపడానికి 1964 పౌరహక్కుల చట్టం ఈఈఓసీ అనే సంస్థను పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దాని తాత్కాలిక అధిపతి, అమెరికన్ కార్మికులను కాదని వీసాదారులను తీసుకునే కంపెనీల పని పడతామని ప్రకటించారు. సెప్టెంబరు 19న, శుక్రవారం, హెచ్-1బీ మీద లక్ష డాలర్ల రుసుము వచ్చింది. అమెరికన్ల ఉద్యోగాలను తక్కువ జీతాలవాళ్లతో నింపుతున్నారన్నది కారణం. అది కొత్త దరఖాస్తులకే అని మర్నాడు వైట్‌హౌస్ చెప్పేలోపు, సెలవు మీద ఇండియాకు వచ్చినవాళ్లు ఎంతకైనా టిక్కెట్టు కొని వెనక్కి పరిగెత్తారు.