పావురం దక్కేదాకా: సీమ నాటకంలో సంఘర్షణకు వెనుక కథ

అనంతపురంలో కొత్తగా నాటికలు రాస్తున్న యువకులు ఈమధ్య నాకు చూపిన రాతప్రతుల్లో పాత్రలు గొంతు చించుకుని అరుచుకుంటున్నాయి గానీ, ఒకరు అడిగింది ఇవ్వడం రెండోవారికి ఎందుకు సాధ్యం కాదో మాత్రం తెలియడం లేదు. తగాదా వేరు, సంఘర్షణ వేరు. ఈ తేడాను మన ప్రాంతపు నాటకకర్తలు పంతొమ్మిదో శతాబ్దంలోనే పట్టుకున్నారు.

1853లో ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో అక్కడ సరస వినోదినీ సభ అనే నాటక సమాజాన్ని నెలకొల్పారు. 1882 దాకా అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోనిదే కాబట్టి ఆ నాటకరంగం మనదే. నాటకం శుభంగా ముగియాలని సంస్కృత సంప్రదాయం కోరుతుండగా, ఆయన ‘విషాద సారంగధర’ను విషాదాంతంగా రాశారు. రాజమహేంద్రవరంలో జరిగినట్టు చెప్పే సారంగధరుడి కథలో, రాజకుమారుడి పావురం సవతితల్లి చిత్రాంగి మేడలో వాలుతుంది. పావురాన్ని తీసుకుని వెంటనే బయటపడాలని అతను, అతను అక్కడే ఉండాలని ఆమె. ఒకరి కోరిక తీరితే రెండోవారిది చెడుతుంది; పావురం అతని చేతికి రానంతసేపూ, ఎవరూ గొంతు పెంచకుండానే, ఆ ఘట్టం బిగుసుకుంటూ పోతుంది. చిన్న దృశ్యం రాయాలనుకునేవారికి ఇంతకు మించిన పాఠం నాకు కనిపించదు.

కడప జిల్లా సురభిలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన నాటక సమాజానిదీ ఇదే బలం. కీచకుడు చస్తాడని అందరికీ తెలుసు. అయినా ద్రౌపది అతనికి ఏం బదులు చెబుతుందోనని జనం చెవులు రిక్కించి కూర్చునేవారు.

తర్వాత పద్యం పెరిగింది. ఒక్కో పద్యానికీ రాగాలాపన, దాని మీద ‘వన్స్‌మోర్’ తోడై, ఎదుటి పాత్ర చేతులు కట్టుకుని నిలబడే పరిస్థితి వచ్చింది. 1880లో తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ, రామకృష్ణమాచార్యులకు మేనల్లుడే, ఈ సాగతీతను ఒప్పుకోలేదు. మాటకూ చూపుకూ మౌనానికీ ఆయన ఇచ్చిన విలువ, సాంఘిక నాటికకు దారి వేసిన కారణాలలో ఒకటని నా నమ్మకం.

నాటికకు దొరికేది గంటలోపు సమయం, అందులో ఒక్కో దృశ్యానికి కొద్ది నిమిషాలు. బోరు ఎండిపోయిన ఇంట్లో ఎద్దులను అమ్మి ఇంకో బోరు వేయిద్దామని తమ్ముడు, ఆ డబ్బు కూతురి పెళ్లికి కావాలని అన్న. ఇద్దరిదీ న్యాయమే, ఎద్దులు ఒక్క జతే. ఆ యువకుల్లో ఒకరు తిరగరాసి తెచ్చిన ప్రతిలో అన్న మునుపటిలా తిట్టడం లేదు, పలుపు మాత్రం విడవడం లేదు: “యెద్దుల్ని తోలుకపోరా, ఈ పలుపు మాత్రం నాకిడిసిపెట్టు.”