ఇంగ్లిష్‌లో బాడీ పార్ట్స్ ఇడియమ్స్ (కాలు, చెయ్యి లాంటి మాటలతో వచ్చే జాతీయాలు): మా క్లాసులో రోజూ వినే అపోహలు

అపోహ: "తెలుగులో కూడా ఇదే మాట ఉంది కద సార్, అర్థం కూడా అదే అయ్యుంటది."

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది ఇదే. మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండు నెలలు కూడా కాలేదు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "సార్, మా టీమ్ లీడ్ నా కాళ్ళు పట్టి లాగుతున్నానని మొహం మీదే చెప్పేశాడు" అంటుంది. తీరా కనుక్కుంటే జరిగిందేంటంటే, ఆయన కాల్‌లో నీ రిపోర్ట్ డిలీట్ అయిపోయిందని సరదాకి అని, ఈ పిల్ల కంగారుపడేసరికి "రిలాక్స్, ఐయామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్" అన్నాడు. మనకి కాలు పట్టి లాగడమంటే ఎదిగేవాణ్ణి కిందకి పడెయ్యడం, ఇంగ్లిష్ వాళ్ళకి అది ఉత్త ఆటపట్టించడం. పాపం అప్పటిదాకా అన్నం కూడా తినలేదు.

ఇంకోటి, మనం మాటల్లో తుంటి నుంచి వేళ్ళ దాకా అంతా కాలే అంటాం, భుజం నుంచి వేళ్ళ దాకా అంతా చెయ్యే. ఇంగ్లిష్‌లో లెగ్ వేరు, ఫుట్ వేరు, ఆర్మ్ వేరు, హ్యాండ్ వేరు. అందుకే అర్థం సరిగ్గా కలిసినచోట కూడా తప్పుతారు. సొంత కాళ్ళ మీద నిలబడటం అంటే "స్టాండ్ ఆన్ యువర్ ఓన్ ఫీట్", అక్కడ లెగ్స్ అనకూడదు. ఆఖరి నిమిషంలో భయమేసి వెనక్కి తగ్గితే "కోల్డ్ ఫీట్", ఒక్క కాలికే భయం వెయ్యదు కాబట్టి కోల్డ్ ఫుట్ అనరు. సాయం చెయ్యమంటే "గివ్ మీ ఎ హ్యాండ్", ఆర్మ్ కాదు. కడుపుమంటని "మై స్టమక్ ఈజ్ బర్నింగ్" అంటే ఎదుటివాళ్ళు అసిడిటీ అనుకుంటారు, అసూయ అని ఎవరికీ తట్టదు.

అపోహ: ఇంటర్వ్యూలో పది ఇడియమ్స్ వాడితే సెలెక్ట్ చేస్తారు.

చెయ్యరు. అడిగినదానికి తిన్నగా సమాధానం చెప్పండి చాలు. ఇడియమ్స్ ముందు చెవికి తెలియాలి, నోటికి తర్వాత. వంద ఇడియమ్స్ పీడీఎఫ్‌లు బట్టీ పట్టడం ఆపండి.

అపోహ: పాతకాలం పెయింటర్లు బొమ్మలో చెయ్యికింత కాలికింత అని డబ్బులు తీసుకునేవాళ్ళు, "యాన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్" అలా వచ్చింది.

వాట్సాప్ కథ. ఆ మాట వాడుకలోకొచ్చిందే 20వ శతాబ్దం మధ్యలో. చాలా ఖరీదు అని అర్థం, అంతే.

అపోహ: అర్థం కాలేదని అడిగితే పరువు పోతుంది.

ఆ అమ్మాయి మర్నాడు అడిగేసింది, "వాట్ డిడ్ యూ మీన్ బై దట్?" అని. ఆయనే సారీ చెప్పి, ఇంకో నాలుగు ఇడియమ్స్ నేర్పించాడట.