టార్చిలైటు వెలుగు, సెల్లు లోపలి సన్నగొట్టం

పెన్సిల్ సెల్లులతో పనిచేసే టార్చిలైటు కొనుక్కున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "మామూలు సెల్లు మీద 1.5 వోల్టులని రాసి ఉంది, ఛార్జి చేసుకునే సెల్లు మీద 1.2 వోల్టులే ఉంది. అయినా నా టార్చి రెండో రకంతోనే ఎక్కువగా, ఎక్కువసేపు వెలుగుతోంది. తక్కువ వోల్టేజి ఎక్కువ వెలుగు ఎలా ఇస్తుందండీ?" మంచి వెలుగున్న టార్చిని ఎంచుకోవడానికి తెలియవలసిన దానిలో ముప్పాతిక భాగం ఈ ప్రశ్నలోనే ఉంది కాబట్టి, విద్యుత్తు అంటే ఏమిటి, ఎల్‌ఈడీ ఎలా వెలుగుతుంది అనే పాఠాలను పక్కనపెట్టి నేరుగా ఇందులోకే దిగుతాను.

మేడ మీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకు ఉన్న ఎత్తు వోల్టేజి. అందులో పట్టే నీళ్లు సెల్లులోని నిల్వ, అంటే దాని మీద మిల్లీ ఆంపియర్ అవర్లలో రాసే అంకె. ఈ రెండింటినీ అందరూ చూస్తారు. సెల్లు మీద ఎవరూ అచ్చువేయనిది, అసలు వ్యవహారమంతా నడిపేది మూడోది: ట్యాంకు నుంచి కిందికి దిగే గొట్టం ఎంత వెడల్పుగా ఉందన్నది. దీనినే భౌతికశాస్త్రంలో అంతర్నిరోధం అంటారు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ గొట్టం సన్నదైనా, తుప్పుపట్టి పూడుకుపోయినదైనా, కింద ఒత్తిడి ఒకేలా ఉంటుంది. సగానికి పైగా అరిగిపోయిన సెల్లు కూడా మల్టీమీటరు పెడితే 1.3 వోల్టుల దాకా చూపించి మనల్ని నమ్మించగలగడానికి కారణం అదే. కుళాయి తిప్పినప్పుడే దాని బండారం బయటపడుతుంది. గోడగడియారం ఆ కుళాయి కింద బొట్లు బొట్లుగా పట్టుకునే గిన్నె వంటిది, మిల్లీ ఆంపియరులో చిన్న భాగంతోనే దానికి సరిపోతుంది. వెలుగు బాగా ఉన్న టార్చి ఒక ఆంపియరు, రెండు ఆంపియర్లు కావాలంటుంది, అంటే గడియారం అడిగేదానికి కొన్ని వేల రెట్లు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. కొత్త సెల్లుల అంతర్నిరోధం జింకు-కార్బన్ రకంలో అర ఓము ప్రాంతంలోనూ, ఆల్కలైన్ రకంలో 0.2 ఓముల ప్రాంతంలోనూ, ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకంలో 0.04 ఓముల ప్రాంతంలోనూ ఉంటుందనుకోవచ్చు. వోల్టేజి వర్గాన్ని నాలుగు రెట్ల అంతర్నిరోధంతో భాగిస్తే, ఆ సెల్లు నుంచి ఎంత పిండినా రాబట్టగలిగిన గరిష్ఠ వాట్లు వస్తాయి. జింకు-కార్బన్ సెల్లుకు అది సుమారు 1.1 వాట్లు, ఆల్కలైన్‌కు 2.8 వాట్లు, 1.2 వోల్టుల నికెల్ సెల్లుకు 9 వాట్లు. పాఠకుడి ప్రశ్నకు జవాబు ఇదే: ఆ ట్యాంకు కాస్త తక్కువ ఎత్తున ఉంది, గొట్టం మాత్రం చాలా వెడల్పు. పైగా ఈ గరిష్ఠం దగ్గర సెల్లు ఇచ్చే శక్తిలో సరిగ్గా సగం దాని లోపలే వేడిగా పోతుంది. టార్చిని ఎక్కువ వెలుగులో పెట్టినప్పుడు మామూలు సెల్లులు అరచేతికి వెచ్చగా తగలడానికి అది ఒక కారణం. ఇంటర్మీడియెట్‌లో ఈ సూత్రం మీద లెక్క చేసి మార్కులు తెచ్చుకోని సైన్సు విద్యార్థి ఉండడు, కానీ ఆ లెక్కలోని చిన్న 'ఆర్' అక్షరం తన ఇంటి టార్చిలో కూర్చుని ఉందని చెప్పే మాస్టారు దొరకడమే అరుదు.

అయితే తెల్లని ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి కదా, ఒకే ఒక్క సెల్లుతో నడిచే టార్చి ఎలా వెలుగుతోంది? దాని తలలో ఒక చిన్న తీగచుట్టా, సెకనుకు లక్షలసార్లు తెరుచుకుని మూసుకునే ఒక స్విచ్చూ ఉంటాయి. తీగచుట్టలో సాగుతున్న కరెంటును హఠాత్తుగా ఆపినప్పుడు అది ఆగలేక పై వోల్టేజికి ఎగురుతుంది. నీళ్లు వేగంగా వస్తుండగా కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గొట్టం దడేలుమనేది కూడా ఈ తరహా ఒత్తిడి వల్లనే. ఈ ఏర్పాటును మన ట్యాంకు లెక్కలోకి తెస్తే, అది కుళాయికి నేరుగా మోటారు బిగించి నీళ్లు లాగడం. వీధిలో ఎవరైనా అలా బిగిస్తే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. ఎల్‌ఈడీకి అందే వాట్లు తగ్గకుండా చూడడమే ఈ మోటారు పని కాబట్టి, సెల్లు వోల్టేజి పడిపోతున్న కొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగిన కొద్దీ ఆ సన్నగొట్టంలో ఒత్తిడి ఇంకా పడిపోతుంది. పడిపోయింది కదా అని మళ్లీ ఇంకా లాగుతుంది. మోటారు 2.3 వాట్లు అడుగుతోందనుకుందాం. కొత్త ఆల్కలైన్ సెల్లు 2.1 ఆంపియర్లకు పైగా ఇచ్చి, లోపల దాదాపు ఒక వాటును వేడిగా పోగొట్టుకుని, ఎలాగో గట్టెక్కుతుంది. అదే సెల్లు సగం వాడుక తర్వాత 1.3 వోల్టులకు, 0.25 ఓములకు చేరిందనుకుంటే దాని గరిష్ఠమే 1.7 వాట్లు. అక్కడితో ఆట ముగిసినట్టే: ట్యాంకులో ఇంకా నీళ్లున్నా టార్చి ఒక్కసారిగా మసకబారుతుంది, లేదా మినుకుమని ఆరిపోతుంది.

ఒకటికి బదులు రెండు సెల్లులు వరుసగా ఉన్న టార్చిని ఎంచుకోమనడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. వాట్లు అవే అయినప్పుడు కరెంటు సగమవుతుంది. లోపలి నష్టం కరెంటు వర్గంతో మారుతుంది కాబట్టి ఒక్కో సెల్లులో అది నాలుగో వంతుకు, రెండింటిలో కలిపి సగానికి దిగుతుంది. సన్న పెన్సిల్ సెల్లులు మూడింటిని డబ్బాలో పేర్చి, 4.5 వోల్టులను నేరుగా ఎల్‌ఈడీకి కలిపే చవక టార్చిల దారి దీనికి పూర్తిగా విరుద్ధం. వాటిలో మోటారు ఉండదు, సెల్లు నిల్వ మామూలు పెన్సిల్ సెల్లులో సగానికీ తక్కువ, అందువల్ల దుకాణంలో కళ్లు చెదిరేలా వెలిగిన వస్తువు ఇంటికి వచ్చిన వారానికే చిమ్నీ దీపమవుతుంది.

అట్ట మీది ల్యూమెన్ల అంకెను, అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలతను, నమ్మాలా వద్దా అన్నది తేల్చడానికి కూడా ఈ లెక్కే చాలు. మంచి ఎల్‌ఈడీ టార్చి ఒక వాటుకు 100 నుంచి 130 ల్యూమెన్ల వరకు ఇస్తుంది. రెండు పెన్సిల్ సెల్లులతో 10,000 ల్యూమెన్లు ఇస్తానని ఎవరైనా రాసుకుంటే, దానికి దాదాపు 80 వాట్లు, అంటే 30 ఆంపియర్లకు మించిన కరెంటు కావాలి. ఏ పెన్సిల్ సెల్లూ అంత ఇవ్వలేదు. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల నికెల్ సెల్లులు రెండింటిలో ఉండేది మొత్తం 4.8 వాట్ అవర్ల శక్తి, కాబట్టి 200 ల్యూమెన్లు సుమారు రెండు గంటలపాటు అనేది నమ్మదగిన మాట. ఎఫ్ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం ముద్ర ఉన్న పెట్టె కొంత నయం గానీ, అందులోనూ ఒక మెలిక ఉంది: వెలుగు మొదటిదానిలో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయాన్నే 'పనిచేసే సమయం'గా లెక్కిస్తారు. పది నిమిషాలు దేదీప్యంగా వెలిగి తర్వాత నాలుగు గంటలు నీరసంగా వెలిగినా, పెట్టె మీద నాలుగు గంటలనే ఉంటుంది. దూరం లెక్కలో మీటర్ల హద్దు అంటే ఒక చోట పడే కాంతి 0.25 లక్సులకు, దాదాపు నిండు పున్నమి వెన్నెలకు, తగ్గే చోటు. కాంతి దూరపు వర్గంతో పలచబడుతుంది కాబట్టి 200 మీటర్లకు 10,000 క్యాండెలాలు (ఒక దిక్కుకు పోయే కాంతి తీవ్రతకు కొలత) చాలినా, 400 మీటర్లకు 40,000 కావాలి.

ఇంత దూరం ఎవరికి కావాలన్నది వేరే విషయం. రాత్రి కరెంటు ఇచ్చే వేళ చూసి మోటారు వేయడానికి పొలం గట్టు మీద నడిచిన రైతులకు కావలసింది తాటిచెట్టు మొవ్వు మీద పడే వెలుగు కాదు, నాలుగడుగుల ముందు విస్తారంగా పరుచుకునే వెలుగు. దానికి 100 ల్యూమెన్లు చాలు. చీకటిపడ్డాక పాము పేరెత్తితే వస్తుందని భయపడి 'పురుగు' అనే వాడుక ఇప్పటికీ మన ఊళ్లలో ఉంది. కట్లపాము నిజంగానే రాత్రి సంచారి కాబట్టి ఆ భయంలో తప్పులేదు, పేరు మార్చడం కన్నా టార్చి మార్చడం మేలు అని మాత్రమే నా అభిప్రాయం. నీలం పాలు ఎక్కువగా ఉన్న చల్లని తెలుపు వెలుగులో ఎండుటాకుల గోధుమరంగు, వాటి మీది గోధుమరంగు ప్రాణి కలిసిపోయి కనిపిస్తాయి, అందువల్ల ల్యూమెన్లు కాస్త తగ్గినా కొంచెం పసుపు ఛాయ ఉన్న ఎల్‌ఈడీనే నేను తీసుకుంటాను.

సన్నగొట్టం కథ టార్చి పుట్టినప్పటిదే. డేవిడ్ మిసెల్ అనే ఆయనకు అమెరికాలో 1899లో దీని మీద పేటెంటు వచ్చింది. ఆనాటి జింకు-కార్బన్ సెల్లులు బల్బును ఎక్కువసేపు వెలిగించలేక, కాస్త వెలిగించి ఆపి, తేరుకోనిచ్చి మళ్లీ వెలిగించవలసి వచ్చేది, అందుకే దానికి తళుక్కుమనే దీపమన్న అర్థంలో 'ఫ్లాష్‌లైట్' అనే పేరు పడింది. ఆపినప్పుడు సెల్లు లోపల ఒకచోట పేరుకున్న రసాయనాలు నెమ్మదిగా సర్దుకుంటాయి. రేడియో సెల్లులను మధ్యాహ్నం ఎండలో పెట్టిన మన పెద్దలు చేసింది కూడా ఇదే: వేడికి లోపలి అయాన్లు చురుకుగా కదిలి గొట్టం కాసేపు వెడల్పవుతుంది, ట్యాంకులో నీళ్లు మాత్రం ఒక్క చుక్క పెరగవు.

కాబట్టి రెండు పెన్సిల్ సెల్లుల టార్చి, ఛార్జి నిలుపుకునే రకం నికెల్ సెల్లులు నా ఎంపిక. పాత నికెల్ సెల్లులు అలమరలో ఉండగానే కొన్ని నెలల్లో ఖాళీ అయ్యేవి. 2005లో జపాన్ కంపెనీ సాన్యో తెచ్చిన ఎనెలూప్ సెల్లుల తర్వాత, ఏడాది గడిచినా ఛార్జిలో ఎక్కువ భాగం నిలిచే రకాలు వచ్చాయి. అదే కొలతలో 3.7 వోల్టుల లిథియం-అయాన్ సెల్లు కూడా దొరుకుతుంది, దానిని తయారీదారు అనుమతించిన టార్చిలో తప్ప పెట్టకూడదు. ఆల్కలైన్ సెల్లులే వాడేవారు టార్చి మసకబారగానే వాటిని తీసేయాలి, లేకపోతే పొటాషియం హైడ్రాక్సైడ్ కారి స్ప్రింగు మీద తెల్లని పొరగా గడ్డకడుతుంది. అది క్షారం కాబట్టి దూదికి రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడిస్తే పోతుంది. తీసిన సెల్లులు ఇంకా కారడం మొదలుపెట్టకపోతే పారేయనక్కరలేదు, బొట్లు బొట్లుగా పట్టుకునే గోడగడియారం వాటితో ఇంకా నెలల తరబడి నడుస్తుంది.